‘చేయగలను’ అంటే ‘చేయలేను’ అని వినబడింది: ఇంగ్లీషులో నొక్కి చెప్పడం ఎలా?

జెర్సీ సిటీ నుంచి:

అందరికీ నమస్కారం. నేను వరంగల్లులో చదువుకొని, హైదరాబాదులో ఆరేళ్లు ఉద్యోగం చేసి, నెల రోజుల క్రితం ఇక్కడికి వచ్చాను. వ్యాకరణం విషయంలో గానీ, మాటలు వెతుక్కోవడంలో గానీ నాకు పెద్ద ఇబ్బంది లేదు. అయితే మొన్న మీటింగులో ‘ఐ క్యాన్ డూ ఇట్’ అని నేను స్పష్టంగా చెప్పినా, మా మేనేజరు ఆ పనిని వేరొకరికి అప్పగించారు. తరువాత అడిగితే, నేను చేయలేనని చెప్పినట్టు వినబడిందన్నారు. ఏ మాటను ఎక్కడ నొక్కాలో తెలుసుకునే పద్ధతి ఏదైనా ఉంటే, అనుభవం ఉన్న పెద్దలు దయచేసి చెప్పగలరు.

ఇర్వింగ్, టెక్సస్ నుంచి:

మీకు మీటింగులో జరిగింది నాకు 2009లో ఇంటి దగ్గర జరిగింది. అప్పటికి నాకు ఇక్కడ క్రెడిట్ హిస్టరీ లేదు గనుక అపార్ట్‌మెంట్ వారు రెండు నెలల డిపాజిట్ ముందే కట్టమన్నారు. ఈ రోజే కట్టగలనని, ‘ఐ క్యాన్ పే ఇట్ టుడే’ అని, లీజింగ్ ఆఫీసులోని ఆమెతో ఫోనులో మూడుసార్లు చెప్పాను. ఆమెకు అర్థం కావడం లేదేమోనని ప్రతిసారీ ‘క్యాన్’ను ఇంకాస్త గట్టిగా, విడదీసి మరీ పలికాను. నేను గట్టిగా పలికినకొద్దీ ఆమె గొంతులో జాలి పెరిగింది. పరవాలేదని, తనకు అర్థమైందని చెప్పి ఫోను పెట్టేసింది. సాయంత్రం బ్యాంకు నుంచి క్యాషియర్స్ చెక్కు తీసుకొని వెళ్లేసరికి ఆ ఇల్లు మరొకరికి ఇచ్చేశారు. ఆ రాత్రి మూడు సూట్‌కేసులతో మళ్లీ స్నేహితుని హాలుకే చేరాను.

కారణం నాకు రెండేళ్ల తరువాత గానీ తెలియలేదు. అమెరికన్లు ‘చేయగలను’ అనేటప్పుడు ‘క్యాన్’ దాదాపు ‘కన్’ అన్నట్టుగా నలిగిపోయి, దాని తరువాత వచ్చే క్రియ మీద బరువు పడుతుంది. ‘చేయలేను’ అనేటప్పుడు ‘క్యాంట్’లో ఆ అచ్చు నిండుగా వినబడుతుంది గానీ, చివరి ‘ట్’ చాలామందికి గొంతులోనే ఆగిపోతుంది. కాబట్టి వారి చెవి ‘ట్’ కోసం కన్నా ఆ అచ్చు నిండుదనం కోసం చూస్తుంది. నేను ఒత్తి పలికినకొద్దీ, డబ్బు కట్టలేనని ప్రాధేయపడుతున్నట్టు ఆమెకు వినబడి ఉంటుంది. అయినా మూడుసార్లు విన్న మనిషి ఒక్కసారి తిరిగి అడగవచ్చు గదా! ఆ ఆఫీసు మీద నాకు ఇప్పటికీ కోపమే. ‘క్యాన్’ను ఎన్నడూ ఒత్తి పలకకండి, ఇది నియమం.

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:

అన్నయ్యగారూ, ‘ఎన్నడూ’ అనకండి. నువ్వు చేయలేవని ఎవరైనా అన్నప్పుడు ఎదురు చెప్పాలంటే ఆ మాటను నిండుగా ఒత్తవలసిందే. వాక్యం చివర వచ్చినప్పుడూ అది నలగదు. 2008లో ఒబామా గారి ‘యెస్ వుయ్ క్యాన్’ నినాదం అందరం విన్నదే.

అసలు ప్రశ్నకు వస్తాను. తెలుగులో దేన్నయినా నొక్కి చెప్పాలంటే మనం ప్రధానంగా గొంతు మీద ఆధారపడము. మాట చివర ‘ఏ’ తగిలిస్తాము, లేదా మాట చోటు మారుస్తాము. ‘నేనే నిన్న పంపాను’ అన్నదానికీ, ‘నేను నిన్ననే పంపాను’ అన్నదానికీ తేడా చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇంగ్లీషుకు ఆ ‘ఏ’ లేదు. ‘ఐ సెంట్ ఇట్ యెస్టర్‌డే’ అన్న వాక్యంలో మాటల వరుస కదలకపోయినా, గొంతు ఏ మాట దగ్గర ఎగసి సాగుతుందో ఆ మాటకు మన ‘ఏ’ తగిలినట్టు లెక్క. మనవారు ‘యెస్టర్‌డే ఓన్లీ’ అంటారు చూడండి, ఆ ‘ఓన్లీ’ వేషం మార్చుకున్న మన ‘ఏ’.

కాబట్టి చెప్పబోయే మాటను మనసులో తెలుగులో అనుకొని, ‘ఏ’ ఎక్కడ పడుతుందో చూసుకొని, ఇంగ్లీషులో ఆ మాటను సాగదీసి, మిగిలిన మాటలను తగ్గించండి. సాగదీయడం సులభమే గానీ, తగ్గించడమే మనకు ప్రాణం మీదికి వస్తుంది, ఎందుకంటే ప్రతి అక్షరానికీ దాని నిడివి దానికి ఇచ్చి చదవడం పలక పట్టిన నాటి నుంచి మనకు అలవాటు.

స్లౌ, ఇంగ్లండు నుంచి:

‘క్యాన్’ గొడవ ప్రధానంగా అమెరికాది. మా దక్షిణ ఇంగ్లండులో ‘కాంట్’ అని దీర్ఘం తీస్తారు గనుక ఆ పొరపాటుకు ఇక్కడ అవకాశం తక్కువ. ఇక్కడ మనవారిని దెబ్బతీసేది వాక్యం చివర గొంతు దిగడం, లేవడం.

జాన్ గంపర్జ్ అనే భాషాశాస్త్రవేత్త 1982లో ప్రచురించిన ఒక ఉదాహరణ ఉంది. లండన్‌లోని ఒక విమానాశ్రయపు సిబ్బంది క్యాంటీనులో భారత, పాకిస్తాన్ దేశాల స్త్రీలు వడ్డన చేసేవారు. మాంసం పెట్టాక గ్రేవీ కావాలా అని అడగడానికి వారు ‘గ్రేవీ’ అన్న ఒక్క మాటను గొంతు దించి అనేవారు. తినేవారికి అది ప్రశ్నలా కాక, ‘ఇది గ్రేవీ, తీసుకుంటే తీసుకో’ అన్నట్టు వినబడి, ఈ స్త్రీలు మొరటువారన్న పేరు పడింది. అదే మాటను గొంతు పైకి లేపి అంటే మర్యాద అవుతుంది. మనమైతే ‘గ్రేవీయా?’ అని ‘ఆ’ చేర్చి ప్రశ్నను తేల్చేస్తాము. ఇంగ్లీషులో ఒంటి మాటతో అడిగేటప్పుడు ఆ ‘ఆ’ చేసే పనిని గొంతే చేయాలి.

ఇర్వింగ్, టెక్సస్ నుంచి:

వడ్డన సంగతి బాగుంది గానీ, కొత్తగా వచ్చినవారికి ముందుగా కావలసినవి అంకెలు. ‘థర్టీ’లో మొదటి భాగాన్ని, ‘థర్టీన్’లో ‘టీన్’ను నొక్కాలి. ఇందులో తిరుగు లేదు.

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:

తిరుగు ఉంది అన్నయ్యగారూ. ‘థర్టీన్’ ఒంటిగా ఉన్నప్పుడు మీరు చెప్పింది నిజమే. దాని వెనుక ‘డేస్’ లాంటి మాట వస్తే నొక్కు తరచుగా మొదటి భాగానికి జరిగిపోతుంది, అప్పుడు ‘థర్టీ’తో కలగలుస్తుంది. అందుకే అద్దె, అపార్ట్‌మెంట్ నంబరు లాంటివి ఫోనులో చెప్పేటప్పుడు ‘వన్ త్రీ’ అని విడివిడిగా కూడా చెప్పడం మేలు.

ఇర్వింగ్, టెక్సస్ నుంచి:

పదిహేనేళ్లకు పైగా ఇక్కడే ఉన్నాను, నాకు ఎవరూ అలా చెప్పలేదు. రేపు ఆఫీసులో చెవి పెట్టి వింటాను.

జెర్సీ సిటీ నుంచి:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ‘ఐ క్యాన్ డూ ఇట్’ అన్న వాక్యాన్ని ఐదుసార్లు ఫోనులో రికార్డు చేసి, నాతో ఇల్లు పంచుకునే ఒహాయో అబ్బాయికి వినిపించాను. మొదటి రెండూ ‘చేయలేను’ అనే వినబడ్డాయన్నాడు. తరువాతి మూడింటిలో ‘క్యాన్’ను దాదాపు మింగేసి, బరువంతా ‘డూ’ మీద వేశాను. అవి సరిగా ఉన్నాయన్నాడు. అయితే అంతటితో ఆగక, ‘డెవలప్’లో నేను మొదటి అక్షరాన్ని నొక్కుతున్నానని, అది తప్పని కూడా చెప్పాడు. నేను చేసే ఉద్యోగంలో ఆ మాట రోజుకు యాభైసార్లు వస్తుంది. నొక్కవలసింది రెండవ అక్షరాన్నా?

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:

రెండవదానినే.