చియో-ని పద్యంలో మూడో పాదం అవసరమా?

గురువుగారికీ, సభ్యులందరికీ నమస్కారం. ఈ నెల చర్చకు జపాను కవయిత్రి చియో-ని రాసిన ప్రసిద్ధమైన హైకూను తీసుకున్నాం కనుక ఒక సందేహం అడుగుతున్నాను. "అసగావొ ని / త్సురుబే తొరరేతె / మొరాయి మిజు" అన్న ఆ పద్యానికి "వేకువపూల తీగ చేదను పట్టేసుకుంది, పొరుగింట నీళ్లు అడిగి తెచ్చుకున్నాను" అని స్థూలంగా అర్థం చెప్పుకున్నాం. తీగ చేదను అల్లుకున్నదన్న చోటే కవిత్వం పూర్తయిందనీ, నీళ్లు అడిగి తెచ్చుకోవడం ఆపైన చేర్చిన వివరణ మాత్రమేననీ ఒక మిత్రులు అన్నారు. అదే నిజమైతే విశాఖలోని పెదజాలారిపేట ఒడ్డున నేను రాసుకున్న పద్యంలోనూ మూడో పాదం తీసేయవలసి వస్తుంది. నా పద్యం ఇది:

వేట విరామం
ఒడ్డున పడవ నీడలో
వల బాగుచేస్తూ తాత

మీ అభిప్రాయం తెలియజేయగలరు.

*

అమ్మా, మీ మిత్రుల అభ్యంతరం కొత్తది కాదు, తేలికగా తోసిపుచ్చదగినదీ కాదు. ఆధునిక హైకూకు రూపు దిద్దిన మసవోకా షికి 1895 నాటి "హైకై తైయొ" అన్న రచనలో ఈ పద్యాన్నే తీసుకుని, నీళ్లు అడిగి తెచ్చుకోవడమన్న కల్పన నాసిరకమనీ, అనవసరమనీ, తీగ చేదను పట్టుకున్నదని చెప్పి ఊరుకుంటేనే మేలనీ తీర్పు చెప్పాడు. అంతటి విమర్శకుడి మాటను కాదంటున్నాను కనుక నా కారణాలు వివరంగా చెప్పాలి.

చియో 1703లో కగా సీమలోని మత్తో అనే ఊళ్లో పుట్టింది. ఈనాడు అది ఇషికావా రాష్ట్రంలో హకుసాన్ నగరంలో భాగం. ఒక వంక 2,702 మీటర్ల ఎత్తున మంచు మోసే హకుసాన్ పర్వతం, ఇంకో వంక జపాను సముద్రం, ఆ రెంటి నడుమ తెదొరి నది ఒండ్రు మేటవేసి పరచిన మైదానం, ఇదీ ఆమె లోకం. కొండ మీది మంచు కరిగి నదిలోకీ, నేలలోకీ దిగుతుంది కనుక అక్కడ ఊటనీటికి కొదవ లేదు. తండ్రి బొమ్మలకూ, రాతప్రతులకూ వెనుక కాగితం అతికి, చుట్టలుగా తయారుచేసే వృత్తివాడు కావడంతో కాగితం, కుంచె, మంచి దస్తూరీ ఆమెకు చిన్ననాటి నుంచీ ఇంట్లోనే పరిచయమయ్యాయి. హైకూ మహాకవి బషో శిష్యుడైన కగామి షికో ఆ ఊరు వచ్చి, ఇంకా ఇరవై నిండని ఆమె ప్రతిభను మెచ్చుకున్నాడు. 1754లో ఆమె శిరోముండనం చేయించుకుని బౌద్ధ సన్యాసిని అయింది. పేరు చివరి "ని" అన్నది ఆ సన్యాసాన్ని తెలిపేదే. ఆ తరువాతా రాయడం మానలేదు. 1763లో కొరియా రాయబారులకు కానుకగా ఆమె పద్యాలనే స్వదస్తూరీతో విసనకర్రల మీదా, చుట్టల మీదా రాయించి పంపారు. చనిపోయిన కొడుకును తలచుకుని రాసిందంటూ తూనీగల పద్యమొకటి ఆమె పేరిట తిరుగుతున్నది గాని, అది ఆమెది కాదేమోనని పరిశోధకులు సందేహించారు. ఆ కథ ఆధారంగా ఆమె కవిత్వమంతటికీ దుఃఖాన్ని అంటగట్టడం నాకు సమ్మతం కాదు.

ఇప్పుడు పద్యానికి వద్దాం. వేకువపూల తీగ కొన తిరుగుతూ తిరుగుతూ ఆసరా వెదుక్కుంటుంది. చేంతాడు తగిలితే చాలు, రాత్రికి రాత్రే దాన్ని చుట్టుకుంటుంది. తెల్లవారుజామున విచ్చిన పువ్వు పొద్దెక్కేసరికి ముడుచుకుపోతుంది. అంటే ఆమె నూతి దగ్గరికి వచ్చిన ఆ కాసేపే పువ్వు ఆయుష్షు. తీగను తెంపితే క్షణంలో పని అయిపోతుంది. ఆమె తెంపలేదు. ఆ సంగతిని "తెంపలేదు" అని చెప్పకుండా మనకు తెలియజేసేది మూడో పాదమే. అది లేకపోతే మిగిలేది చక్కని బొమ్మ. అది ఉండడం వల్ల పొరుగిల్లు, ఇంకొక నుయ్యి, ఇన్ని నీళ్లు ఇవ్వండని అడగగలిగిన చుట్టరికం, మొత్తం మత్తో ఊరే పద్యంలోకి నడిచి వస్తుంది. మన విశాఖ పాతనగరంలో నూతుల మీద ఆధారపడి బతికిన ఇళ్లవారికి ఈ పాదం వివరణగా వినిపించదని నా నమ్మకం.

అయితే వివరణ అన్న లోపం ఒకటి నిజంగానే ఉంది, కాని అది ఉన్నది మొదటి పాదంలో. "అసగావొ ని" ("వేకువపూల తీగ వల్ల") అన్నప్పుడు తీగ వల్ల చేద పోయింది, కనుక నీళ్లకు వెళ్లాను అని కారణమూ కార్యమూ గొలుసుకట్టుగా సాగి, పద్యం కథలా వినిపిస్తుంది. తరువాత ఆమే దాన్ని "అసగావొ యా" అని మార్చింది. "యా" అన్న విరుపు మాట దగ్గర ఊపిరి ఆగుతుంది. ముందు పువ్వు ఒక్కటే కనిపిస్తుంది, చేదా నీళ్లూ ఆ తరువాతి సంగతులు. మూడో పాదాన్ని తీసేయకుండానే అందులోని వివరణ గుణం పోయింది. నేను ఈ రెండో పాఠాన్నే అభిమానిస్తాను.

ఎర్రరంగు దిద్దుకున్న పెదవులనూ మరచి ఊటనీళ్లు తాగడం గురించి ఆమె రాసిన మరో పద్యమూ ఈ దారిలోనిదే. నేల, నీరు, వాటితో పనిపడిన మనిషి ఒకేచోట కలుస్తారు. హకుసాన్ మంచును దూరం నుంచి చూసి వర్ణించడం కంటే ఆ మంచు కరిగి చేదలోకి వచ్చిన చోట నిలబడడమే ఆమెకు ఇష్టమనిపిస్తుంది.

మీ పద్యం విషయం. జపాను సంప్రదాయంలో అసగావొ (వేకువపూవు) శరదృతువును సూచించే మాట. మనం దాన్ని అరువు తెచ్చుకోనక్కర్లేదు. సింహాచలం చందనోత్సవం, అరకులో వలిసెపూలు మనకున్న ఋతుపదాలే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సాగే వేట విరామం ప్రభుత్వ ఉత్తర్వుతో వచ్చినదే అయినా, తీరంలో ఎండాకాలాన్ని అంత సూటిగా చెప్పే మాట మరొకటి లేదు. ఆ మాట తరువాత మీరు ఆగారు, బాగుంది. తాతను తీసేయకండి, వేటకు పోలేని చేతులు ఏ పనిలో ఉన్నాయో ఆ పాదమే చెబుతోంది. తీయవలసిందల్లా "ఒడ్డున" అన్న మాట. నీడలో కూర్చుని వల బాగుచేసుకునేది ఒడ్డునే కదా.

*

గురువుగారూ, సభ్యుల్లో మరొకరి చిన్న మనవి. "ఒడ్డున" తీసేస్తే ఫిషింగ్ హార్బరులో లంగరు వేసిన మరపడవ అనుకునే వీలుంది. ఇసుక మీదికి లాగిపెట్టేవాటిని, అవి ఫైబరువైనా సరే, మావాళ్లు తెప్పలనే అంటారు. ఆ మాట వేస్తే ఒడ్డు దానంతట అదే వస్తుంది.

వేట విరామం
తెప్ప నీడలో తాత
వల బాగుచేస్తూ

అమ్మాయిగారికి సమ్మతమైతే ఇలా ఉంచవచ్చునేమో పరిశీలించగలరు.