థార్‌కు ఊడదీసుకునే మడ్ ఫ్లాపులు: మన దోవలకు కావాలా, దండగ ఖర్చా?

పెన్నా గట్టు (తాడిపత్రి):
అన్నలూ, ఈ సంగతి మీరే తేల్చాలి. నా థార్ జీపుకు పోయిన ఏడాది అన్ని రకాల నేలల మీదా నడిచే వెడల్పు ఆల్ టెర్రైన్ టైర్లు వేయించాను. అవి ఫెండర్ (చక్రం మీది రేకు) దాటి వేలెడు బయటికి ఉంటాయి. చేనికి పోయే దోవ సగం గరుసు, సగం నల్లరేగడి. గరుసులో నలభై దాటితే చాలు, తలుపు కింద టపటపమని రాళ్ల చప్పుడు. నిన్న కడిగి చూస్తే డ్రైవర్ వైపు తలుపు కింది అంచున పదిహేను ఇరవై చోట్ల బియ్యపు గింజంత పెయింటు లేచిపోయింది. రెండు చోట్ల తుప్పు కూడా మొదలైంది. షాపులో అడిగితే టైరు వెనక వేలాడే మడ్ ఫ్లాపులను రంధ్రాలు వేసి గట్టిగా బిగించేస్తామంటున్నారు. నాకేమో సెలవు దొరికితే గండికోట వైపు బండల్లో తిరిగే అలవాటు. ఊడదీసుకునే రకం పెట్టించాలా, శాశ్వతంగా బిగించాలా, అసలు వద్దా?

గుత్తి రోడ్డు (అనంతపురం):
అసలు వద్దు తమ్ముడూ. మన జిల్లాలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల వాన, కొంచెం అటూ ఇటూ. బురద ఉండేది ఎన్ని రోజులు? తలుపు కింద పెయింటును కాపాడే ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించుకో, చాలు. వెనక ఫ్లాపులు వేలాడుతుంటే బండ మీది నుంచి దిగేటప్పుడు ముందు తగిలేది అవే. డబ్బులు పెట్టి అడ్డం తెచ్చుకోవడం ఎందుకు?

సీమ చక్రం (జమ్మలమడుగు):
గుత్తి రోడ్డన్నా, పేరులో మడ్ ఉందని అది బురదకే అనుకోవద్దు. మన దగ్గర దాని పని రాయిని ఆపడం. వాన లేకపోవడం వల్లే గరుసు ఎండి వదులవుతుంది, టైరు గాడుల్లో ఇరుక్కున్న రాయి వెనక్కి లేస్తుంది. ఫిల్మ్ మీ తలుపును కాపాడుతుంది, ఒప్పుకుంటాను. వెనకాల స్కూటరు మీద వచ్చే మనిషి మొహాన్ని ఏది కాపాడుతుంది?

అయితే శాశ్వతంగా బిగించొద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే నేను నష్టపోయాను. రెండేళ్ల కిందట ఒక షాపులో రంధ్రాలు వేయించి లావు రబ్బరు ఫ్లాపులు బిగించాను. ఏటి ఒడ్డున బండల మధ్య బండిని రివర్స్ తీస్తుంటే, ముందు టైరు ఫ్లాప్ కొసను బండకేసి తొక్కిపట్టింది. చక్రం తిరిగేకొద్దీ దాన్ని కిందికి గుంజింది. రబ్బరుకు ఏమీ కాలేదు. దాన్ని పట్టుకున్న మూడు స్క్రూలూ లోపలి ప్లాస్టిక్ లైనర్‌ను చీల్చుకుని వచ్చేశాయి, ఫెండర్ అంచు బయటికి వంగింది. ముందుకు పోయేటప్పుడు ఫ్లాప్ ఎంత తగిలినా వెనక్కి మడుచుకుంటుంది. ప్రమాదమంతా రివర్స్‌లోనే. బండల్లో రివర్స్ తీయకుండా బయటపడిన రోజు నాకైతే ఒక్కటీ లేదు.

లారీ రెక్క (కడప):
సీమ చక్రం అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఊడదీసేవి పెట్టుకున్నవాళ్లు మళ్లీ తగిలించడం నేను చూడలేదు. డిక్కీలో పడుంటాయి. పోయిన వేసవిలో నేను అలాగే వదిలేసి వస్తున్నాను. మా చిన్నాన్న బైకు మీద నా వెనకే ఉన్నాడు. రాయి లేచి ఆయన హెడ్‌లైటు అద్దం పగిలింది. ఇంకో జానెడు పైకి లేచుంటే కన్ను పోయేది. ఆ రోజు నుంచి నావి శాశ్వతమే. బండలొస్తే గొలుసుతో పైకి కట్టేస్తాను, అంతే. టిప్పర్ల వాళ్లు చేసేదీ ఇదే కదా.

ఆదోని అక్క:
తమ్ముడూ, గొలుసుతో కట్టడం బండల్లో సరే. మా పత్తి చేలల్లో ఒకసారి వాన పడ్డాక వచ్చి చూడు. రేగడిలో బైకు పది గజాలు పోయేలోపు మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య మన్ను కూరుకుని చక్రం ఆగిపోతుంది. మావాళ్లు ముందు మడ్‌గార్డు విప్పి ఇంట్లో పెట్టి పోతారు. జీపుకైనా అంతే. మడిచి కట్టిన ఫ్లాప్ చాటలా తయారై మన్నును పట్టి ఉంచుతుంది. అది ఎండితే గడ్డపారకు కూడా లొంగదు. రేగడిలోకి దిగేముందు పూర్తిగా తీసేయాల్సిందే.

సీమ చక్రం (జమ్మలమడుగు):
అక్క చెప్పింది అక్షరాలా నిజం. మనకు ఒకే దోవలో రెండు నేలలు. ఒకదాంట్లో ఫ్లాప్ ఉండి తీరాలి, ఇంకోదాంట్లో ఉండకూడదు. అందుకే ఊడదీసేవి కావాలంటున్నాను.

లారీ రెక్క తమ్ముడు అన్న మరుపు సంగతి చిన్నది కాదు. నేను పెట్టుకున్న అలవాటు ఇది: బండల్లోకి దిగేముందు ఎలాగూ టైర్లలో గాలి తగ్గిస్తాం, అప్పుడే ఫ్లాపులు తీస్తాను. రోడ్డెక్కేముందు కంప్రెసర్ బయటికి తీస్తాను కదా, ఒక టైరుకు గాలి ఎక్కేలోపు ఆ పక్క ఫ్లాప్ తగిలిపోతుంది. గాలి నింపకుండా తారు రోడ్డెక్కలేం కాబట్టి ఫ్లాప్ కూడా మరిచిపోను.

పెన్నా గట్టు తమ్ముడూ, బిగించే తీరు చెబుతా. ఫెండర్‌కు కొత్త రంధ్రం వేయనివ్వకు. కంపెనీ లైనర్ స్క్రూలు ఉన్న చోటే ఇనుప పట్టీ బిగించుకో, అది ఎప్పుడూ బండికే ఉంటుంది. ఫ్లాప్‌ను ఆ పట్టీకి రెండు పిన్నులతో తగిలించు. పిన్నుకు సన్న తీగ కట్టుకో, లేదంటే రేగడిలో పడితే దొరకదు. పిన్ను వద్దనుకుంటే నైలాన్ బోల్టులు వాడు. తీయడం మరిచినా గుంజినప్పుడు ముందు బోల్టు తెగుతుంది, ఫెండర్ మిగులుతుంది. ఫ్లాప్ టైరు కంటే వెడల్పుగా ఉండాలి, నేలకు ఆరేడు అంగుళాల ఎత్తులో ఆగాలి. సన్న ప్లాస్టిక్ తీసుకోకు, మన ఎండలకు పెళుసెక్కి పగులుతుంది. బిగించాక స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి టైరు రాసుకుంటుందేమో చూడు. నీవి వెడల్పు టైర్లు, ముందు వైపు రాసుకునే అవకాశం ఎక్కువ.

గుత్తి రోడ్డు (అనంతపురం):
స్కూటరు మనిషి సంగతి నేను ఆలోచించలేదు తమ్ముడూ. ముందు చక్రాలకు ఒప్పుకుంటున్నా. వెనకవాటి మీద మాత్రం నా మాట మారదు.

సీమ చక్రం (జమ్మలమడుగు):
అన్నా, వెనకాల వచ్చేవాళ్ల మీదికి రాయి ఎక్కువగా లేచేది వెనక టైర్ల నుంచే.

పెన్నా గట్టు (తాడిపత్రి):
పొద్దున్నే బండి కింద దూరి చూశాను. లైనర్‌కు ముందు వైపు మూడు స్క్రూలు ఉన్నాయి, వెనక వైపు రెండే కనిపిస్తున్నాయి. నాలుగింటికీ పిన్నుల రకమే చేయిస్తున్నా. వెనక పట్టీకి రెండు స్క్రూలు ఆగుతాయా అన్నా, లేక బంపర్ బ్రాకెట్‌కు ఇంకో ఆధారం ఇవ్వాలా? తుప్పు పట్టిన చోట ముందు గీకి ప్రైమర్ కొడుతున్నా, ఆ తర్వాతే షాపుకు.