కుల్లాయుంచితి… తర్వాత సుట్టింది కోకనా, పాగనా?

పాలమూరు దోతి:
గోచీ పోసి కట్టిన దోతి, బారాబందీ అంగీ, నెత్తికి రుమాలు. నేను రోజూ కట్టేవి ఇవే. పనికి పోయినా, అంగడికి పోయినా, ఆర్టీసీ బస్సెక్కినా మారవు. పండుగకు వేసే వేషం కాదు, నాకు ఇష్టమైన బట్ట. ఇప్పుడు ఇంకా వెనక్కి పోయి విజయనగర రాజు ప్రౌఢదేవరాయల కాలం నాటి కుల్లాయి, అంటే పొడుగు టోపీ, ఒకటి కుట్టించుకోవాలని ఉంది. ఈ సంగతి విన్న ఒక పెద్దాయన, ఆ రాయల దర్బారుకు పోయినప్పుడు శ్రీనాథుడు చెప్పిన చాటువు చదివిండు. “కుల్లాయుంచితి” దాకా గుర్తున్నది. ఆ వెనక ఏదో “సుట్టితి”, చివర “కూర్పాసము”, అంటే తొడిగే అంగీ. నడుమ మాట నా చెవిలో “పాగ సుట్టితి” అని తిరుగుతున్నది, మా ఇంటామె మాత్రం “కోక” అంటున్నది. ఏది సరి? ఆ బట్టను కుల్లాయి మీద చుట్టాల్నా, నడుముకు చుట్టాల్నా తేలితే గాని ఎన్ని గజాలు తేవాల్నో తెలువదు.

అరసున్న:
మీ ఇంటామె మాటే సరి. “కుల్లాయుంచితిఁ గోకఁ జుట్టితి మహాకూర్పాసముం దొడ్గితిన్”. శార్దూలం. పదమూడో అక్షరం “కూ”, మొదటి “కు”తో యతి చెల్లింది. “పాగ” పెట్టినా గణం చెడదు కాబట్టి ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు. వ్యాకరణం చెబుతుంది. “ఉంచితిన్” ఉత్తమపురుష ఏకవచనం, ద్రుతాంతం, అంటే చివర “న్” ఉన్నది. దాని తర్వాత పాగ వస్తే “ఉంచితిఁ బాగ” కావాలి. మీ చెవిలో “పా” ఉందంటే అది పద్యంలోంచి వచ్చింది కాదు.

మూసీతీరం:
అరసున్న గారూ, “జుట్టితి” అని ఎక్కడ చదివారు? నేను చదువుకున్నది, మా నల్లగొండలో సార్లు చదివి వినిపించింది అంతా “కోక సుట్టితి”. సు. చెవికి కూడా అదే హాయి.

అరసున్న:
చెవి హాయి వేరు, సంధి వేరు. కోకను చుట్టాడు, అంటే ద్వితీయ. కోకన్ + చుట్టితి. ద్రుతం మీది చకారానికి సరళం జ. అదే పాదంలో “కూర్పాసమున్ + తొడ్గితిన్” ఎట్లా “కూర్పాసముం దొడ్గితిన్” అయిందో చూడండి. ఒకే పాదంలో ఒక వస్తువుకు ద్రుతం పెట్టి, ఇంకో వస్తువుకు తీసేస్తాడా శ్రీనాథుడు?

మూసీతీరం:
తీసేస్తాడు, ఆ పాదంలోనే తీశాడు కూడా. మొదటి మాట చూడండి. ద్వితీయ అయితే “కుల్లాయిన్ + ఉంచితి”, “కుల్లాయి నుంచితి” కావాలి. ఆయన అన్నది “కుల్లాయుంచితి”. అంటే జడానికి, ప్రాణం లేని వస్తువుకు, ద్వితీయ బదులు ప్రథమ. కుల్లాయికి ప్రథమ, కూర్పాసానికి ద్వితీయ, నడుమ కోక ఎటైనా పోవచ్చు. ప్రథమ మీది పరుషాలకు గసడదవలు వస్తాయని చిన్నయసూరి సూత్రం ఉండనే ఉంది. కోక + చుట్టితి, కోక సుట్టితి. “సు” తప్పు అనడానికి మీకు ఆధారం లేదు.

పాలమూరు దోతి:
మేం మాట్లాడేటప్పుడు కూడ “రుమాలు సుట్టిండు” అనే అంటం. అందుకే నాకు అది మన మాట లెక్కనే వినిపించింది.

అరసున్న:
పాలమూరు వాడుకలోని “సు” వేరు, ఇక్కడి “సు” వేరు. అది ఉచ్చారణ, ఇది ఆదేశం. రెంటినీ కలపొద్దు. అయితే మూసీతీరం గారి కుల్లాయి వాదం బలమైనదే. నేను “జు” వదులుకోను గాని, ఆ వాదాన్ని పక్కన పెట్టలేను.

గద్వాల మగ్గం:
అందరూ “సు” దగ్గరే ఆగిపోయారు. నేను క్రియ దగ్గర ఆగుతాను. మాది నేతింటి సంసారం. దోతి అయినా చీర అయినా “కట్టడం” అంటాం. పాగనూ రుమాలునూ “చుట్టడం” అంటాం. శ్రీనాథుడు “కోక గట్టితి” అని ఉంటే గణం చెడేదా? చెడదు. గట్టి, సుట్టి ఒకే తూకం. పైగా కట్టు అంటే ద్రుతం ఉన్నా లేకున్నా “గ”యే వచ్చేది, మీ ఇద్దరికీ ఈ వాదమే ఉండేది కాదు. అంత సులువైన మాట చేతిలో ఉండి కూడా ఆయన “చుట్టు” ఎంచుకున్నాడు. క్రియల వరుస చూడండి. నెత్తిన ఉంచినది, చుట్టినది, చేతులు దూర్చి తొడిగినది. నా లెక్కన కుల్లాయి నెత్తిన పెట్టి, దాని చుట్టూ కోక చుట్టాడు. ఆనాటికి కోక అంటే ఒట్టి బట్ట. మగ్గం దిగిన బట్టకు ఆడా మగా లేదు.

పాలమూరు దోతి:
అక్కా, అంటే నా చెవిలోని పాగ అక్షరంలో తప్పయినా అర్థంలో నిలబడుతుందన్నట్టేనా?

గద్వాల మగ్గం:
నిలబడుతుంది తమ్మీ. నల్లగొండ వైపు పుట్టపాకలో నేసే తేలియా రుమాలు చూడు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి, చిటికి కట్టి, అద్దకం వేసి నేస్తారు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చదరం గుడ్డ ఒకప్పుడు అరబ్బు దేశాలకు తలగుడ్డగా పోయేది. అదే గుడ్డను ఇక్కడ భుజాన వేసుకున్నారు, నడుముకు బిగించారు, ఆడవాళ్లు దుపట్టాగా కప్పుకుంటున్నారు. ఒంటి మీద ఎక్కడ చుట్టితే అక్కడి పేరు వస్తుంది బట్టకు. కోక సంగతీ అంతే.

లేపాక్షి దారి:
క్షమించాలి అక్కా, బొమ్మలు మీ మాటకు ఎదురు నిలుస్తున్నాయి. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద అచ్యుతరాయల కాలపు చిత్రాల్లో పొడుగు కుల్లాయిలు వరసగా కనిపిస్తాయి. నిలువుగా, కొన తేలి ఉంటాయి, చుట్టూ పాగ లేదు. తిరుమలలో ఇద్దరు దేవేరులతో నిలబడ్డ కృష్ణదేవరాయల లోహవిగ్రహం నెత్తిన కూడా ఒట్టి కుల్లాయే. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు వాడు డొమింగో పయస్ రాయల తల మీది జరీ టోపీ గురించి రాశాడు. లేపాక్షి మగవాళ్లు గుడ్డ చుట్టుకున్నది నడుముకు, పొడుగు అంగీ మీద దట్టీలాగా. కోక అంటే ఆ దట్టీయే అని నా నమ్మకం.

గద్వాల మగ్గం:
ప్రౌఢదేవరాయలు ఏలింది 1424 నుంచి 1446 దాకా. అచ్యుతరాయలు 1529లో గద్దెనెక్కాడు. నడుమ ఎనభై ఏళ్లకు పైనే. టోపీ చుట్టూ పాగ ఉండే తీరు మారడానికి ఆ కాలం చాలదా? కుల్లాయి అనే మాటే పారసీ కులాహ్ నుంచి వచ్చింది. ఆ కులాహ్ మీద పాగ చుట్టే అలవాటు పడమటి దేశాల్లో నేటికీ ఉంది. పైగా మీ దట్టీ అంగీ మీద ఉండాలి. శ్రీనాథుడు కోక చుట్టిన తర్వాత కదా కూర్పాసం తొడిగింది? మీ వరుసలో దట్టీ లోపలికి పోతుంది.

లేపాక్షి దారి:
పద్యంలోని వరుసను ఒంటి మీద వరుసగా తీసుకోనక్కరలేదు. యతి కోసం కూర్పాసం చివరికి పోయింది.

కంచుకి:
కూర్పాసం అన్నారు, అక్కడ ఎవరూ ఆగలేదు. అమరం ఏమంటుంది? చోళమూ కూర్పాసకమూ ఒక్కటే. రవిక. ఆనాడు ఆ దర్బారు అంగీకి కబాయి అనే మాట ఉంది, అరబ్బీ ఖబా నుంచి వచ్చింది. ఆ మాట వదిలి “మహాకూర్పాసము” అన్నాడంటే ఆ పొడుగు చేతుల అంగీ ఆయన కంటికి పెద్ద రవికలాగా కనిపించింది. ఇప్పుడు కోక పక్కన రవిక పెట్టి చూడండి. కోక చుట్టించి, రవిక తొడిగించి, టోపీ పెట్టించి నిలబెట్టారని కన్నడ రాజ్యలక్ష్మికి మొర పెట్టుకుంటున్నాడు. ఆయన నోట వచ్చిన ఎత్తిపొడుపు అది. కాబట్టి కోక నెత్తిది కాదు, నడుముదే, చీరలాగా.

దేవరకొండ బురుజు:
కంచుకి గారూ, ఆ ఊహ అందంగా ఉంది గాని నేను ఒప్పలేను. కవిసార్వభౌముడు కనకాభిషేకం కోసం, ఆ ఆస్థాన పండితుడు గౌడడిండిమభట్టును వాదంలో గెలవడం కోసం పోయినవాడు. దర్బారు ఉడుపును రవిక అని ఎగతాళి చేసి అదే దర్బారులో పని ఎట్లా సాధిస్తాడు? ఉడుపు తనకు అలవాటు లేనిది, తిండి అలవాటు లేనిది, అయినా ఓర్చుకున్నానని చెబుతున్నాడు. దయ అడిగే పద్యం ఇది. ఇంకో మాట. ఆయన మా వైపు కూడా వచ్చాడు. రాచకొండ సింగభూపాలుడి సభలో “సర్వజ్ఞ” బిరుదు మీద చెప్పిన చాటువు అందరికీ నోటికి వచ్చిందే. కొండవీటి రాజు పెదకోమటి వేముడి కటారి, నందికంత పోతరాజు అనేది, మా దేవరకొండ లింగమనేని దగ్గర ఉంటే పద్యం చెప్పి విడిపించుకుపోయాడని అంటారు. రాచకొండలో, దేవరకొండలో బట్ట మార్చుకోవలసి వచ్చిందని ఆయన ఎక్కడా మొర పెట్టుకోలేదు. మన సభల్లో ఆయన తన ఉడుపుతోనే నిలబడ్డాడు.

అరసున్న:
చెప్పలేదు కాబట్టి జరగలేదు అనడం వాదం కాదు.

దేవరకొండ బురుజు:
కావచ్చు. కానీ ఆయన చూసినవన్నీ చాటువులుగా చెప్పే మనిషి. పల్నాటి జొన్నకూటినే వదలని వాడు మన ఉడుపును వదులుతాడా?

మూసీతీరం:
ఇదంతా చదువుతుంటే నాకు ఆయన చివరి రోజుల సీసం గుర్తుకొస్తోంది. “కవిరాజు కంఠంబుఁ గౌఁగిలించెను గదా పురవీథి నెదురెండఁ బొగడదండ”. శిస్తు కట్టలేక వీధిలో నిలబడ్డనాటిది. ఒకే కవి తన ఒంటి మీద ఏమేమి పడ్డాయో రెండు సార్లు లెక్క చెప్పుకున్నాడు. కన్నడ దేశంలో క్రియలన్నీ ఆయనవే. ఉంచితి, సుట్టితి, తొడ్గితి. నచ్చకపోయినా తన చేతులతో వేసుకున్నాడు. సీసానికి వచ్చేసరికి కర్త మారిపోయాడు. శిక్షగా మెడకు వేసే పొగడదండ వచ్చి కంఠాన్ని కౌగిలించింది, వెదురుగొడియ ముంజేతితో వియ్యమందింది, సంకెల కాళ్లకు తగిలింది. ఆ నాలుగు సీసపాదాల్లో కవి ఏ పనీ చేయడు. ఆ రెండు పద్యాలూ పక్కపక్కన చదివిన ప్రతిసారీ నాకు గొంతు పట్టుకుంటుంది. అందుకే “సుట్టితి”లో “సు”యా “జు”యా అని ఇంత పట్టు పడుతున్నాను. ఆ క్రియ ఆయనది.

అరసున్న:
ఇది ఎంతో బాగా చెప్పారు. నాకు ఆ కర్తృభేదం ఎప్పుడూ తట్టలేదు. అయినా ద్రుతం…

పీర్లచావిడి:
అసలు మొదటి అక్షరమే తేల్చకుండా ముందుకు పోయారు. కుల్లాయా, కుళ్ళాయా? అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రానికి లేచే పీరు కుళ్ళాయి స్వామి. సీమంతా కుళ్ళాయప్పలు ఉన్నారు. జనం నోట “ళ్ళ”యే.

అరసున్న:
తక్కిన పాదాలు చూడండి. వెల్లుల్లి, చల్లాయంబలి, తల్లీ. మూడు చోట్లా ల్ల. ప్రాస ఒక్కటే ఇక్కడ తిరుగులేని సాక్షి.

పీర్లచావిడి:
లళలకు అభేదం పాటించే ప్రాస ఉండనే ఉందిగా. సాక్షి అంత తిరుగులేనిదేమీ కాదు.

పాలమూరు దోతి:
పెద్దలు వాదిస్తుండంగనే నేను కుల్లాయి కుట్టించిన. లోపల గట్టి గుడ్డ పెట్టించి పొడుగ్గా లేపినం. దాని మీద సుట్టడానికి ఒట్టి గద్వాల నూలు కండువా తెచ్చిన. ముందు బట్ట చుట్టకుండ పెట్టుకొని బండి మీద జడ్చర్ల పోయిన. గాలికి వెనక్కి వాలుతున్నది, చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది. అడుగున కండువా రెండు సుట్లు తిప్పి బిగిస్తే కదలలేదు, చెమట కూడ బట్టే పీల్చింది. నడుముకు చుట్టి చూస్తే బారాబందీ మీద అందంగ ఉన్నది గాని, టోపీ మల్ల జారింది. రోజూ నెత్తిన ఏదో ఒకటి పెట్టుకొని బతికేటోనిగ నేను చెప్పేది, పెట్టిన టోపీ నిలవాలంటే సుట్టాలె. అక్క చెప్పిన అర్థమే నాకు సరిపోయింది.

గద్వాల మగ్గం:
తమ్మీ, ఒక్క మాట చెప్పి నా వాదానికి ప్రాణం పోశావు. కండువా మెలి ఎటు తిప్పావో, సుట్టు ఎంత వెడల్పు వచ్చిందో రాసి పెట్టు. మా ఇంట్లో అదే కొలతకు కుప్పడం అంచుతో ఒకటి నేయిస్తాను.

లేపాక్షి దారి:
మీ కుల్లాయి జారిందంటే దాని చుట్టుకొలత తలకు పట్టలేదని. లేపాక్షి బొమ్మల్లో అంచు నుదుటికి దిగి బిగుతుగా ఉంటుంది. దర్జీతో అంచు ఒక వేలు తగ్గించి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

కంచుకి:
శ్రీనాథుడు బండి ఎక్కలేదు, సభలో నిలబడ్డాడు. సభలో గాలి ఉండదు.

అరసున్న:
రెండో పాదానికి వచ్చిన వాళ్లే లేరు. “విశ్వస్త వడ్డింపఁగా”. అమరంలో విశ్వస్త అంటే విధవ. పూటకూళ్లింటి వితంతువు వెల్లుల్లీ తిలపిష్టమూ (నువ్వుల పిండి) వడ్డించిందనే అర్థం ఒకటి, నమ్మకమైన మనిషి వడ్డించిందనేది ఇంకొకటి. నాకు మొదటిదే సరి.

మూసీతీరం:
నాకు రెండోది. కానీ ముందు “సు” ఒప్పుకోండి, తర్వాత వడ్డనకు వస్తాను.