ప్రధానమంత్రే రాసిన దేశ చరిత్రను నమ్మొచ్చా? (ట్రినిడాడ్, ఎరిక్ విలియమ్స్)

కాగితప్పడవ:
1962 ఆగస్టు 31న కరీబియన్ దీవుల దేశం ట్రినిడాడ్ అండ్ టొబాగోకు బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. సరిగ్గా ఆ రోజే ఆ దేశ ప్రజల చరిత్ర అంటూ ఒక పుస్తకం కూడా వచ్చింది. రాసింది ప్రధానమంత్రి ఎరిక్ విలియమ్స్. అదీ నెల రోజుల్లో! ఆ తర్వాత 1981లో చనిపోయేదాకా ఆయనే ప్రధాని. పెళ్లికొడుకే పురోహితుడైతే మంత్రం తప్పు పోయిందని చెప్పేదెవరు? నాకైతే అది చరిత్ర కాదు, పార్టీ కరపత్రం అనిపిస్తోంది. కాదంటే చెప్పండి, వింటాను.

నల్లరేగడి:
తప్పులో కాలేశారు సార్. ఆయన కుర్చీ ఎక్కాక చరిత్ర పట్టుకున్న మనిషి కాదు. బానిసల వ్యాపారం రద్దు వెనక ఉన్న ఆర్థిక కారణాల మీద 1938లోనే ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేశారు. దాన్ని పెంచి రాసిన 'పెట్టుబడిదారీ విధానం, బానిసత్వం' 1944లో అమెరికాలో అచ్చయింది. బ్రిటన్‌లో? ఇలాంటిది వెయ్యడం మా సంప్రదాయం కాదని ఒక ప్రచురణకర్త తిప్పి పంపేశాడు. అక్కడ అచ్చు కావడానికి 1964 దాకా పట్టింది, అప్పటికి ఆయన ప్రధాని.

అందులో చెప్పింది రెండు ముక్కలు. బానిసల శ్రమ మీద వచ్చిన డబ్బు బ్రిటన్ పరిశ్రమలకు పెట్టుబడి అయింది. తర్వాత బానిసలు చెరకు పండించే ఆ కరీబియన్ దీవులే బరువయ్యేసరికి బానిసత్వాన్ని వదిలించుకున్నారు, దయ పుట్టి కాదు. బానిసత్వాన్ని రద్దు చేసిన 1833 చట్టం కింద 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారం ఇచ్చారు కదా, ఎవరికి? యజమానులకి! దెబ్బలు తిన్నవాళ్లకు ఒక్క పెన్నీ లేదు, పైగా ఇంకొన్నేళ్లు 'అప్రెంటిస్‌లు'గా అదే తోటలో చాకిరీ. ఆ పరిహారం కోసం చేసిన అప్పు తాలూకు చివరి బాకీ బ్రిటన్ ఖజానా నుంచి 2015లో తీరింది.

లెక్కల మాస్టారు:
నల్లరేగడి గారూ, కోపం అర్థమైంది, లెక్క మాత్రం కుదరలేదు. 1977లో సీమోర్ డ్రెషర్ అనే అమెరికన్ చరిత్రకారుడు వాణిజ్యం అంకెలు ముందేసుకుని చూశాడు. 1807లో బానిసల వ్యాపారం నిషేధించే నాటికి కరీబియన్ వ్యాపారం పడిపోవడం లేదు, నిక్షేపంగా ఉంది. అందుకే ఆయన ఆ నిషేధాన్ని ఆర్థికంగా ఆత్మహత్యతో పోల్చాడు.

ట్రినిడాడ్‌నే తీసుకోండి. 1797లో బ్రిటిష్‌వాళ్లు స్పెయిన్ నుంచి లాక్కున్నారు. బోలెడంత కొత్త నేల, చెరకు వెయ్యడానికి మనుషులు చాలరు. లాభమే చూసుకునేవాడు అప్పుడే కూలీల రాక ఆపుకుంటాడా? ఇంకోటి, 1792లో ఒక్క ఏడాదిలో పార్లమెంటుకు 500 పైగా అర్జీలు వెళ్లాయి, దాదాపు 4 లక్షల సంతకాలతో. సంతకం పెట్టినవాళ్లందరూ మిల్లు ఓనర్లా?

నష్టపరిహారం మీ వాదనకు సాక్ష్యం అనుకుంటున్నారు. నాకు తిరగేసి కనిపిస్తోంది. నిజంగా ఎవరికీ అక్కర్లేని ఆస్తి అయితే అంత డబ్బు పోసి కొంటారా?

నల్లరేగడి:
కొన్నది ఆస్తికి విలువ ఉండి కాదు మాస్టారూ, ఆ ఓనర్లకీ వాళ్లకు అప్పులిచ్చిన లండన్ వ్యాపారులకీ పార్లమెంటులో పలుకుబడి ఉండి. అయినా మీరు 1807ని, 1833ని ఒకే గాటన కట్టేస్తున్నారు. మొదటిది వ్యాపారం రద్దు, రెండోది బానిసత్వం రద్దు. నడుమ ఇరవయ్యారేళ్లలో క్యూబా, బ్రెజిల్ చక్కెర చవగ్గా ముంచెత్తింది. డ్రెషర్ దెబ్బ 1807కి గట్టిగా తగిలిందని ఒప్పుకుంటా. పరిశ్రమలకు పెట్టుబడి అన్న మొదటి ముక్క మీద మాత్రం ఆర్థిక చరిత్రకారులు ఇవాళ్టికీ కొట్టుకుంటూనే ఉన్నారు.

వానాకాలం:
లండన్‌లో దయగలవాళ్లు, లండన్‌లో లాభం చూసుకున్నవాళ్లు. ఇద్దరి గొడవా లండన్‌లోనే. బానిసలు ఊరికే కూర్చున్నారా? 1816లో బార్బడోస్, 1823లో డెమెరారా (ఇప్పటి గయానాలో ఉంది), 1831 క్రిస్మస్‌కి జమైకా, తిరుగుబాట్లే తిరుగుబాట్లు. జమైకాది అణిచేసిన రెండేళ్లలోపే చట్టం వచ్చింది. విలియమ్స్ కూడా బానిసల పోరాటానికి ఒక అధ్యాయం ఇచ్చారు, కానీ చివర్లో.

దాన్ని నడిమధ్యకు తెచ్చినవాడు ఆయన స్కూలు రోజుల్లో పాఠం చెప్పిన సి.ఎల్.ఆర్. జేమ్స్. హైతీ బానిసల విప్లవం మీద 1938లోనే రాశాడు. కథ అక్కడితో అయిపోలేదు. 1965లో క్రికెట్ మ్యాచ్‌ల గురించి రాయడానికి జేమ్స్ ట్రినిడాడ్ వస్తే, ఈ శిష్యుడి ప్రభుత్వం గృహనిర్బంధంలో పెట్టింది! కాగితప్పడవ గారి అనుమానానికి ఇదొక్కటి చాలు.

మునగచెట్టు:
మావారి ఉద్యోగం వల్ల ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో మూడేళ్లు ఉన్నానండి. మీరందరూ వదిలేసిన సంగతి ఒకటుంది. బానిసత్వం పోయాక అదే చెరకు కొట్టడానికి తెచ్చింది మనవాళ్లనే. 1845 మే 30న మొదటి ఓడ, 1917 దాకా దాదాపు 1 లక్షా 44 వేల మంది. ఎక్కువమంది కలకత్తా నుంచి, కొందరు మద్రాసు నుంచి. మద్రాసు ఓడలెక్కినవాళ్లలో తెలుగువాళ్లున్నా అక్కడ అందరికీ ఒకటే పేరు, 'మద్రాసీ'.

విలియమ్స్ పేరెత్తితే మా పక్కింటి పెద్దావిడ మొహం మారిపోయేది. 1958 ఎన్నికల్లో తన పార్టీ దెబ్బతిన్నాక ఆయన భారతీయులను మొండి, శత్రుభావం గల మైనారిటీ అన్న అర్థంలో మాట్లాడాడు. ఆవిడకది నిన్న విన్నట్టే ఉంది. ఇక 1962 పుస్తకంలో, పూర్వీకులు భారతదేశం నుంచి వచ్చినవాళ్లకు 'మదర్ ఇండియా' అంటూ ఉండదని రాశాడు. మా అమ్మెవరో ఈయనా చెప్పేది అనేది ఆవిడ.

నల్లరేగడి:
మేడమ్, 1958 మాటకు సమర్థన లేదు, నేనూ వెనకేసుకు రాను. రెండోది మాత్రం సగమే చెప్పారు. అదే చోట మదర్ ఆఫ్రికా లేదు, మదర్ ఇంగ్లండ్ లేదు అని కూడా ఉంది. అందరికీ తల్లి ట్రినిడాడ్ అండ్ టొబాగో ఒక్కటే అన్నారు. భారతీయుల పాత్ర మీద ఆ పుస్తకంలో విడిగా అధ్యాయమే ఉంది.

మునగచెట్టు:
సగం చెప్పానంటే ఒప్పుకుంటా. అయితే ఆ మాట అన్నది ఎవరన్నది కూడా చూడాలి కదండీ. ఊళ్లో పెద్ద 'మనమంతా ఒకటే' అంటే, పోయినసారి తిట్లు తిన్నవాడికి అది ఇంకోలా వినిపిస్తుంది.

లెక్కల మాస్టారు:
మునగచెట్టు గారితో ఏకీభవిస్తున్నా. నా మటుకు ఆయన పుస్తకాలు రెండూ ఒక తూకం కాదు. 1944 నాటిది ఆర్కైవుల్లో కూర్చుని రాసింది, కాబట్టే నాబోటివాడు అంకెలు పట్టుకుని తప్పు పట్టగలుగుతున్నాడు. 1962 నాటిది జెండాతో పాటు ఎగరెయ్యడానికి రాసింది. ఆ దేశ చరిత్ర కావాలంటే చరిత్రకారిణి బ్రిడ్జెట్ బ్రెరెటన్ 1981లో రాసిన దానితో మొదలుపెట్టి, తర్వాత ఆయన దగ్గరికి వెళ్తాను.

కాగితప్పడవ:
సరే, కరపత్రం అన్న మాట 1944 పుస్తకం వరకు వెనక్కి తీసుకుంటున్నా. 1962 దాని మీద మాత్రం అక్కడే ఉన్నాను, జేమ్స్ సంగతి తెలిశాక ఇంకాస్త గట్టిగా.

వానాకాలం:
ఇంతసేపూ అందరం ట్రినిడాడ్ ట్రినిడాడ్ అంటున్నాం, నాతో సహా. టొబాగోను బ్రిటిష్‌వాళ్లు 1889లో తెచ్చి దీనికి కలిపారు. అంతకుముందు దాని కథే వేరు, ఎన్ని దేశాల చేతులు మారిందో లెక్కలేదు. వాళ్లకు ఆ 1962 పుస్తకం ఎలా కనిపిస్తుందో ఎవరైనా చెప్పగలరా?