తాత నెగటివ్‌ను ఫ్రేము కట్టించవచ్చా?

డిండి ఒడ్డు:
వచ్చే నెల మా నాన్న షష్టిపూర్తి. ట్రంకుపెట్టె అడుగున పాత భూమి కాగితాల మధ్య ఒక నెగటివ్ దొరికింది. నలుచదరంగా ఉంది, ఆరు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. మా తాత సాగర్ డ్యాం మీద రాతిపని చేసేవాడట. పైలాన్ కాలనీ దగ్గర గుడిసె ముందు తాత, నాయనమ్మ, ఆమె చంకలో మా నాన్న. ప్రింటును ఎప్పుడో చెదలు తినేశాయి. ఈ నెగటివ్‌నే రెండు అద్దాల మధ్య బిగించి, వెనక చిన్న ఎల్‌ఈడీ దీపం పెట్టి, ఫ్రేము కట్టించి నాన్నకు ఇవ్వాలని ఉంది. ఎవరైనా చేశారా?

చందంపేట:
మంచి ఆలోచన తమ్ముడూ. కానివ్వు.

పాత స్టూడియో:
వద్దు. ముప్పై ఏళ్లు నల్లగొండలో స్టూడియో నడిపినవాడిగా చెబుతున్నాను. నలుచదరం అంటే 120 ఫిలిం, రీలుకు 12 ఫొటోలు వచ్చేవి. ఆ ఫిలిం అసిటేట్ అనే ఒక రకం ప్లాస్టిక్. వేడీ తేమా కలిస్తే లోపలి నుంచే చెడిపోతుంది, వెనిగర్ వాసన కొడుతుంది, ముడుచుకుపోతుంది. ఒకసారి మొదలైందంటే ఆగదు, పక్కనున్న నెగటివులనూ పాడు చేస్తుంది. అద్దాల మధ్య బిగిస్తే ఆ ఆవిరి పోవడానికి దారి ఉండదు. వానాకాలం చెమ్మకు ఎమల్షన్, అంటే బొమ్మ ఉండే పూత, అద్దానికి అతుక్కుందంటే, ఊడదీసిన రోజు తాత ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. నలుపు తెలుపు ఫిలింలో బొమ్మ వెండితో ఏర్పడుతుంది కాబట్టి రంగు ఫిలింలా వెలుతురుకు వెలిసిపోదు, ఒప్పుకుంటాను. కానీ మూసిన పెట్టెలో దీపం, దానికి తోడు మన జిల్లా ఎండాకాలం!

అంచులే పట్టుకోండి. నీళ్లతో తుడవకండి. ప్లాస్టిక్ కవరులో కాదు, మంచి కాగితం కవరులో పెట్టండి. స్కాన్ చేయించి, శుభలేఖలకు స్క్రీన్ ప్రింటింగ్ చేసేవాళ్ల దగ్గర పారదర్శకమైన ఫిలిం మీద నకలు తీయించండి. గోడ మీద నకలు, డబ్బాలో అసలు. ముందు వాసన చూసి చెప్పండి.

మిర్యాలగూడ కోడలు:
నెగటివ్ దాచమని స్టూడియో వాళ్లు చెప్పడం వినడానికి ముచ్చటగా ఉంది. 1988లో మా పెళ్లికి ఫొటోలు తీసిన ఆయన నెగటివులు ఇవ్వనన్నాడు. నంబరు చెబితే ఎప్పుడైనా ప్రింటు వేసిస్తానన్నాడు. మా అమ్మ నవ్వుతున్న ఫొటో వెనక పెన్సిలుతో వేసిన 412 ఇప్పటికీ ఉంది. అమ్మ పోయాక పెద్దది చేయిద్దామని వెళ్తే ఆ దుకాణంలో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. డబ్బిచ్చి తీయించుకున్నది మేము. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లకే హక్కు.

పాత స్టూడియో:
అమ్మా, అది కాపీరైటు సంగతి. ఫిలిం ముక్క ఎవరిదన్నది వేరే మాట. రీలు మాది, మందులు మావి, రాత్రులు మావి. రీప్రింటు మీద వచ్చే నాలుగు రూపాయలే మాకు మిగిలేది.

మిర్యాలగూడ కోడలు:
సరే, హక్కు నాది, ముక్క మీది. ఆ ముక్క ఏదీ?

మూసీ గట్టు:
మా ఇంట్లో ఆ గొడవే లేదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన మీదుగా పోయింది కదా, ఆ రోజు మా పెదనాన్న పెళ్లి నెగటివులు కత్తెరతో ముక్కలు చేసి పిల్లలందరికీ పంచారు. నాకు వచ్చిన ముక్కలో పెళ్లికూతురి మోచేయి, సగం కొబ్బరి బొండం.

పాత స్టూడియో:
నెగటివ్‌లోంచి సూర్యుణ్ణి చూస్తే కళ్లు పోతాయి. మీ అదృష్టం బాగుంది.

డిండి ఒడ్డు:
నా ప్రశ్న గ్రహణం దాకా వెళ్లింది. స్కాన్ చేయిస్తాను. కానీ ఫ్రేములో నకలు పెట్టను.

పాత స్టూడియో:
నకలుకీ అసలుకీ తేడా కనిపెట్టేవాడు మీ బంధువుల్లో ఎవరున్నారు? నలుగురిలో గొప్పకోసం ఉన్న ఒక్క గుర్తునూ వేడిలో మాడ్చుకుంటానంటే మీ ఇష్టం.

డిండి ఒడ్డు:
అయ్యా, గొప్పకోసం అన్నారు కాబట్టి చెబుతున్నాను. మా తాత ముప్పై దాటకుండానే పోయాడు. నాన్నకు ఆయన ముఖం గుర్తు లేదు. నిన్న నెగటివ్‌ను కిటికీకి ఎత్తి పట్టుకున్నాను. కట్టిన తెల్ల పంచె నల్లగా, జుట్టేమో తెల్లగా, మీసం తెల్లగా. డెబ్బై ఏళ్ల మనిషి నిలబడి ఉన్నట్టుంది. తండ్రి ముసలివాడు కావడం నాన్న చూడలేదు. అది ఇందులో ఉంది. నకలులోనూ అలాగే కనిపిస్తుందని మీరంటారు, తెలుసు. కానీ ఆ రోజు తాత మీద పడిన ఎండ వచ్చి తగిలింది ఈ ముక్కకే. మీ డబ్బాలో ఇది వందేళ్లు భద్రంగా ఉంటుంది సరే, అరవై ఏళ్ల మా నాన్న దీన్ని ఎప్పుడు చూడాలి?

పాత స్టూడియో:
మరి మీ పిల్లలు?

డిండి ఒడ్డు:
వాళ్లకు స్కాన్ ఉంటుంది.

చందంపేట:
ఇద్దరి మాటా నిజమే.

మిర్యాలగూడ కోడలు:
నిజాలు తరువాత. ఆ ముక్క ఏదని అడిగాను, జవాబు రాలేదు.

పాత స్టూడియో:
రాస్తున్నాను. 2006లో స్టూడియో మూశాను. ఇరవై రెండు గోనె సంచుల నెగటివులు. ఇంట్లో మంచం వేయడానికే చోటు లేదు. వెండి తీసేవాళ్లు వచ్చి కిలోల లెక్కన తూచుకుని పోయారు. తూకం సరిగా ఉందో లేదో మాత్రం దగ్గరుండి చూశాను. లోపల ఎవరెవరున్నారో చూడలేదు. మీ పెళ్లి తీసింది నేను కాదు. ఎవరి పెళ్లిళ్లో మాత్రం ఉన్నాయి.

మిర్యాలగూడ కోడలు:
412 కూడా అలాంటి తూకంలోనే పోయి ఉంటుంది.

మూసీ గట్టు:
ఈ లెక్కన మా మోచేయే నయం.

డిండి ఒడ్డు:
పాత స్టూడియో గారూ, మీరు చెప్పినట్టు వాసన చూశాను. మొదట పెట్టె వాసన అనుకున్నాను. బయట గాలికి పెట్టి మళ్లీ చూస్తే పుల్లటి వాసన. ఒక మూల కొద్దిగా పైకి లేచింది కూడా.

పాత స్టూడియో:
అయితే ఎక్కువ రోజులు ఆగకండి. పూర్తిగా ముడుచుకోకముందే స్కాన్ అయిపోవాలి. మెరిసే వైపు కాక మసకగా ఉన్న వైపు ఎమల్షన్, అటు వేలు పెట్టకండి. నా దగ్గర లైటు బల్ల ఇంకా ఉంది. ఆదివారం తీసుకురండి. అద్దం తగలకుండా చుట్టూ అట్ట మౌంటు పెట్టి, వెనక గాలి ఆడేలా, నాన్నగారు చూసేటప్పుడే స్విచ్చి వేసేలా ఏదైనా కుదురుతుందేమో చూద్దాం. నకలు సంగతి మాత్రం మళ్లీ ఆలోచించండి.

డిండి ఒడ్డు:
వస్తాను. ఆలోచించను.

మిర్యాలగూడ కోడలు:
ఆయన చేతికి ఇచ్చేటప్పుడు రశీదు రాయించుకో తమ్ముడూ.