సమస్య: చచ్చినట్టి దినమె జన్మదినము

పలకాబలపం:
ఆటవెలది, ఆఖరి పాదం ఇచ్చా. సందర్భం తొలి క్రైస్తవులే, రోమా వాళ్లు చంపుతున్న రోజులు. హతసాక్షి, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు, పోయిన రోజుని వాళ్లు పుట్టినరోజనే అనేవాళ్లు, నేను అల్లింది కాదు, కాబట్టి పునర్జన్మ అని తప్పించుకోకండి.

గోదారిగట్టు:
స్ముర్న పురము నందు ముదుసలిన్ గాల్చగన్
ఎముక లేరి తెచ్చి యెదకు హత్తి
యేటికేడు గూడి యెల్లరు పలికిరి
చచ్చినట్టి దినమె జన్మదినము

పోలికార్పు అండి, స్ముర్న బిషప్పు, క్రీస్తుని 86 ఏళ్లు సేవించా నాకే కీడూ చేయలేదు, నా రాజునెలా దూషించను అన్న పెద్దాయన.

పలకాబలపం:
బాగుంది. ఎముకల్ని రత్నాలకన్నా విలువగా ఏరుకున్నామని స్ముర్న సంఘం లేఖలోనే ఉంది. "గాల్చగ, నెముక లేరి" అని సంధి చేయండి, యతి చెడదు.

ఉప్పుగాలి:
పూర్వజన్మ పాప పుంజము కాలగా
దేహ మనెడి చెరను దీసివేసి
ఆత్మ యెగిరి పోవు నాకాశ వీధికి
చచ్చినట్టి దినమె జన్మదినము

పలకాబలపం:
వద్దన్నదే పట్టుకొచ్చారు! గణాలు, యతులు కుదిరాయి, భావమే వేరే ఊరెళ్లిపోయింది. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరి పాపం అనడిగితే వీడిదీ కాదు కన్నవాళ్లదీ కాదు అన్నాడు యేసు, యోహాను సువార్త 9. ఇక దేహం చెర అన్నారు చూడండి, వాళ్ల ఆశంతా ఆ దేహం మళ్లీ లేస్తుందనే, ఆ సంగతి చంపేవాళ్లకీ తెలుసు, క్రీ.శ. 177లో లియోన్‌లో హతసాక్షుల శవాల్ని కాల్చి బూడిద రోన్ నదిలో కలిపేశారు, ఇప్పుడెలా లేస్తారో చూద్దామని. ఆత్మ ఒక్కటే ఎగిరిపోయేదైతే బూడిదతో పనేంటండీ?

ఉప్పుగాలి:
ఒప్పుకున్నా సార్, చెయ్యి అలవాటైన దారిలో పోయింది 😅

చింతచిగురు:
నొప్పులందు చెరను గొంతెత్తి యేడ్చిన
ఆడబిడ్డ తల్లి యయ్యె గాదె
సృష్టి మూలుగులును శిశువు కోసమె కదా
చచ్చినట్టి దినమె జన్మదినము

క్రీ.శ. 203, కార్తేజు జైల్లో ఫెలిసిటీ, బానిస పిల్ల, ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. ఇప్పుడే ఇంత ఏడుస్తున్నావ్, రేపు మృగాల ముందు ఏం చేస్తావ్ అని కాపలావాడు ఎగతాళి చేస్తే, ఈ నొప్పి నేను పడుతున్నా, అక్కడ నాలో ఇంకొకరుండి నా బదులు పడతారు అందట. సృష్టంతా ప్రసవవేదన పడుతోందన్న బైబిల్లో రోమా పత్రిక 8 మాటని దానికి ముడేశా.

గోదారిగట్టు:
అక్కా, ఆడబిడ్డంటే మా ఇంట్లో మొగుడి చెల్లెలు! ఆడపిల్ల అనేయండి, గణం మారదు.

పలకాబలపం:
మొదటి పాదంలో నొ-కి గొ యతి చెల్లదమ్మా, "నోరెత్తి" అంటే సరి. మూడో పాదం మాత్రం ముట్టుకోను.

చింతచిగురు:
రెండూ మార్చానండీ. ఆ పాపని సంఘంలో ఒకావిడ కూతురిలా పెంచుకుందట, దానిమీద ఇంకోటి రాత్రికి పెడతా, యతి చూసుకునే పెడతా.