స్కిల్ డేటా ఎవరు రాయాలి: ఉద్యోగా, మేనేజరా, సాఫ్ట్‌వేరా?

పాతకోడు:
మా సంస్థలో పాత సిస్టమ్‌లన్నీ క్లౌడ్‌కి మారుస్తున్నారు. ఎవరికి ఏ పని వచ్చో తెలియాలని అందరిచేతా స్కిల్ షీట్ నింపించారు. 1 నుంచి 5 వరకు మనకి మనమే రేటింగ్ వేసుకోవాలి. నా పక్క సీటు అక్క 18 ఏళ్లుగా కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష మీదే పనిచేస్తోంది. ఆ గడి ఖాళీగా వదిలేసింది. రెండు రోజుల ట్రైనింగ్‌కి వెళ్లొచ్చిన పైథాన్‌కి మాత్రం 4 వేసుకుంది. ఇదేంటక్కా అంటే, "కోబాల్ వచ్చని రాస్తే రిటైరయ్యేదాకా నన్నిక్కడే కూర్చోబెడతారు" అంది. మూడు నెలలకి డేటా మార్పిడిలో లెక్కలు తేడా వచ్చాయి. ప్రాజెక్ట్ టీమ్ సిస్టమ్‌లో వెతికితే కోబాల్‌కి ఒక్క పేరూ రాలేదు. బయటినుంచి కన్సల్టెంట్‌ని తెచ్చుకున్నారు.

ఇలాంటి షీట్‌ని నమ్మడమెలా? వేరే దారి ఏదైనా ఉందా?

గణాంకం:
అందుకే రేటింగ్ మనిషి చేతికి ఇవ్వకూడదంటాను. మనస్తత్వవేత్తలు క్రూగర్, డన్నింగ్ 1999లో చేసిన అధ్యయనంలో పరీక్షలో అట్టడుగున నిలిచినవాళ్లే తమని తాము బాగా ఎక్కువగా అంచనా వేసుకున్నారు. పై వరుసలోవాళ్లు కాస్త తగ్గించి చెప్పుకున్నారు. టికెట్లు (ఎవరు ఏ సమస్య సరిచేశారో నమోదయ్యేవి), కోడ్, పూర్తిచేసిన కోర్సులు చూసి సాఫ్ట్‌వేర్ లెక్కకట్టడమే మేలు.

రాత్రిషిఫ్టు:
గణాంకం గారూ, టికెట్‌లో కనిపించేది చేసిన పని మాత్రమే. సర్వర్ పడిపోకముందే పసిగట్టి సరిచేసినవాళ్ల పేరున టికెట్టే పుట్టదు. ఇద్దరు కూర్చుని రాసిన కోడ్ ఒకరి లాగిన్‌లోంచే వెళ్తుంది. పైగా మనిషికి తెలియకుండా అతని గురించి రాసిపెట్టడం నాకు అస్సలు నచ్చదు. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం ప్రకారం ఉద్యోగి తన డేటా చూపించమని అడగొచ్చు, తప్పుంటే దిద్దించుకోవచ్చు. ఉద్యోగుల పనితీరు అంచనా వేసే ఏఐని అక్కడి 2024 చట్టం హై రిస్క్ జాబితాలో పెట్టింది. ఊరికే పెట్టలేదు కదా.

హెచ్ఆర్‌లో_పదేళ్లు:
మా దగ్గర గొడవ పేర్లతోనే మొదలైంది. ఒకరు "రిపోర్టింగ్" అంటారు, ఇంకొకరు "డేటా అనాలిసిస్" అంటారు, ఇద్దరూ చేసేది ఒకటే ఎక్సెల్ పని. పోనీ అని యూరోపియన్ కమిషన్ వాళ్ల ఎస్కో జాబితా తెరిస్తే అందులో 13 వేలకు పైగా నైపుణ్యాలు! మొత్తం దించుకుంటే నింపేవాళ్లుండరు. మా పనికి కావలసినవి నలభై ఏరుకున్నాం. 1–5 అంకెలు కూడా తీసేశాం. ఐటీ నైపుణ్యాలకి ఎస్ఎఫ్ఐఏ అనే ప్రమాణం ఉంది, అందులో ఏడు స్థాయిలుంటాయి. చెప్పినట్టు చేయడం దగ్గర మొదలై బాధ్యత పెరిగే కొద్దీ పైకి వెళ్తాయి, అది మాకు పనికొచ్చింది. దాంతోపాటు "ఈ పని చివరిసారి ఎప్పుడు చేశారు?" అని ఒక గడి పెట్టాం. ఆ ఒక్క ప్రశ్నతో, అంతకుముందు 4, 5 వేసుకున్నవాళ్లలో సగంమంది వాళ్లంతట వాళ్లే కింది స్థాయికి దిగొచ్చారు.

పాతకోడు:
ఆ గడి ఆలోచన బాగుందండీ. కానీ అక్క విషయంలో అది పనిచేయదు. ఆవిడకి తనకేం వచ్చో బాగా తెలుసు, భయపడి దాచింది. సాఫ్ట్‌వేర్ ఆ కోబాల్‌ని పట్టుకున్నా, ఆవిడ భయపడిందే జరుగుతుంది. నాకు తోచింది ఇది: షీట్‌కీ ఇంక్రిమెంట్‌కీ సంబంధం ఉండకూడదు. పాత పని ఒప్పుకున్నవాళ్లకి అది ఎన్ని నెలలో, ఆ తర్వాత ఏ కొత్త పనిలోకి తీసుకుంటారో ముందే రాసివ్వాలి. అక్కని అడిగాను, అలా కాగితం మీద ఇస్తే ఇవాళే నింపుతానంది.

హెచ్ఆర్ గారూ, అలాంటి హామీ మీ దగ్గర ఎప్పుడైనా ఇచ్చారా? గడువు ఎంత పెట్టారు?